కొండపల్లి కట్టలాట

పోయిన నెలలో కళ్ళజోడుకి ఫ్రేము మార్పించుకుందామని విజయవాడలో ఒక మాల్‌కి వెళితే, అద్దాలు బిగించడానికి గంట పడుతుందని చెప్పి కొట్టతను నన్ను బయటికి పంపేశాడు. ఆ గంట ఎలా గడపాలో తెలియక, కొనే ఉద్దేశం లేని చీరలన్నీ తిరగేసి, కదిలే మెట్ల మీద భయంభయంగా నిలబడి పై అంతస్తుకి చేరాను. అక్కడ ఒక బొమ్మల కొట్టు ముందు పొడుగాటి బల్లలు వేసి ఉన్నాయి. వాటికి అటూ ఇటూ ఇరవయ్యేళ్ళ పిల్లలు కూర్చుని, రంగురంగుల బొమ్మలున్న ముక్కలు ముందు పరుచుకుని, మధ్యమధ్యలో ఒక ముక్కని అడ్డంగా తిప్పుతూ, పరీక్ష రాస్తున్నంత గంభీరంగా ఆడుకుంటున్నారు. గోడకి వేలాడుతున్న పలక మీద ఏ రోజు ఏ పద్ధతిలో ఆడాలో రాసి ఉంది. ఒక రోజు ఈమధ్య అచ్చయిన ముక్కలే చెల్లుతాయట, ఒక రోజు పాతవి కూడా చెల్లుతాయట, ఇంకో రోజు అక్కడికక్కడే పొట్లాలు విప్పి, అందులో ఏవి వస్తే వాటితోనే ఆడాలట. కళ్ళజోడు కింద ఉండిపోయింది కాబట్టి ఆ పలకకి దాదాపు ముక్కు ఆనించి చదివాను. ఒక పిల్లవాడు జాలిపడి కుర్చీ జరిపి, మీ అబ్బాయి కోసం చూస్తున్నారా ఆంటీ అని అడిగాడు. లేదు బాబూ, నేనూ ఒకప్పుడు ఆడేదాన్ని అన్నాను. మర్యాద తెలిసిన పిల్లవాడు, నవ్వు ఆపుకున్నాడు.

మన తరానికి పేక అంటే యాభై రెండు ముక్కలు, కావాలంటే జోకర్లు. ఎవరింట్లో పేకయినా ఒకటే, పంచడంలో ఎవరి అదృష్టం వాళ్ళది. ఈ ఆట అలా కాదు. ఇందులో ముక్కలు వేల రకాలు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ, బొమ్మ కింద అది ఏం చేయగలదో నాలుగు వరుసలు. వాటిలోంచి ఏరుకుని ఎవరి కట్ట వాళ్ళే కట్టుకుని రావాలి, నా కట్టకీ మీ కట్టకీ ఒక్క ముక్కలో కూడా పోలిక ఉండనక్కర్లేదు. అంటే కూర్చుని ఆడేది సగమే, ఇంటి దగ్గర ఏ ముక్క ఉంచాలి, ఏది తీసేయాలి అని తల బద్దలు కొట్టుకునేది మిగతా సగం. మేము దాన్ని కట్టలాట అనేవాళ్ళం. దాని అసలు పేరు చాలాకాలం మాకు తెలియదు, తెలిశాక నోరు తిరగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట ఇది. నాకు పెళ్ళయి కంకిపాడు నుంచి కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్ కాలనీకి కాపురానికి వచ్చి ఏడాది. మా ఆయన స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ, నేను కాలనీ స్కూల్లో చిన్న తరగతుల టీచర్ని. డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి వాటి మీద సన్నటి బూడిద పడి ఉండేది, తెల్ల చీర కట్టుకుని బయటికి వెళ్ళాలంటే ధైర్యం కావాలి. మామగారు అదే స్టేషన్‌లో ఫోర్‌మన్‌గా రిటైరై మాతోనే ఉండేవారు. సంఘంలో పెద్ద, ఆదివారం ఆరాధనకి అందరికంటే ముందు వెళ్ళి చాపలు పరిపించే మనిషి. గొంతు పెంచేవారు కాదు, పెంచాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఆయన ఒక మాట అన్నారంటే అది అయిపోయినట్టే లెక్క. అత్తగారు మాత్రం వంటింట్లోంచి చిన్న చిన్న సూదులు విసిరేవారు, అవి తగిలినట్టు ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఇక మా ఆడపడుచు. డాక్టరు కావాలన్నది మామగారి కోరిక, ఆ పిల్ల పుట్టక ముందు నుంచీ ఉన్న కోరిక. ఇంటర్ అయ్యాక ఎంసెట్‌లో ర్యాంకు రాలేదని విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్లో వేశారు. మళ్ళీ రాలేదు, మళ్ళీ వేశారు. ఆ హాస్టళ్ళ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, తెల్లవారకముందే లేపడం, వారం వారం పరీక్షలు, మార్కులు గోడకి అంటించడం, కిటికీలకి దట్టమైన చువ్వలు. రెండో ఏడు క్రిస్మస్ ముందు పచ్చకామెర్లు వచ్చి, కళ్ళూ గోళ్ళూ పసుపు తిరిగి, ఒక ట్రంకు పెట్టెతో ఇంటికొచ్చింది. పుస్తకం ముట్టనివ్వద్దు, మెదడుకి శ్రమ పెట్టొద్దు అని డాక్టరు అన్నాడు. అసలే మాట తక్కువ పిల్ల, అప్పుడు అదీ పోయింది. ముందు గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. మామగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఈసారి వస్తుంది చూడమ్మా అని ధైర్యం చెప్పేవారు. ఆయన ధైర్యం చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల ఇంకాస్త ముడుచుకోవడం నేను చూశాను, కానీ కొత్త కోడలిని, అనడానికి నేనెవరిని?

ఆ క్రిస్మస్‌కే అత్తగారి తమ్ముడు బందరు నుంచి మేనకోడల్ని చూడటానికొచ్చారు. ఆయన సరుకు ఓడల్లో వంటమనిషి, ఏడాదికోసారి ఇంటికొచ్చి ఎవరికీ పనికిరాని వస్తువులన్నీ పంచిపెట్టేవారు. ఆసారి తెచ్చింది ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా, నిండా ఈ ముక్కలు. ఓడలో ఒక కుర్ర ఆఫీసరు దిగిపోతూ వదిలేశాడట, బొమ్మలు బాగున్నాయి, పిల్లకి కాలక్షేపం అని తెచ్చారు. ఆయన వెళ్ళాక మూడు రోజులు ఆ పిల్ల ఆ బొమ్మల్ని చూస్తూ కూర్చుంది. నాలుగో రోజు నన్ను పిలిచి, పిలవడమే ఆశ్చర్యం, వదినా ఇది బొమ్మల కోసం కాదు, ఆట, ఎలా ఆడాలో మాత్రం ఇందులో లేదు అంది. నిజమే. డబ్బాలో ముక్కలున్నాయి గానీ ఆట నియమాల కాగితం లేదు.

ఇప్పుడు తలచుకుంటే నా జీవితంలో అంత కుతూహలంగా గడిపిన రోజులు మళ్ళీ లేవనిపిస్తుంది. ఒక ఆట ఉంది, దాని ఆనవాళ్ళన్నీ చేతిలో ఉన్నాయి, ఆట మాత్రం లేదు. ముక్కల మీద రాసిన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా చదివి, ఒకదానికొకటి సరిపోల్చి, ఈ మాట ఇక్కడ ఇలా వచ్చిందంటే ఆట అలా ఉండి ఉండాలి అని ఊహించుకుంటూ పోయాం. మృగాలున్న ముక్కలు ఎదుటివాళ్ళ మీదికి వెళ్ళి దెబ్బ తీస్తాయని, దెబ్బలు తిని ప్రాణం అయిపోయినవాళ్ళు ఓడినట్టని తెలిసింది. ప్రతి మృగానికీ ఏదో ఒక మూల్యం ఉందని మూలనున్న గుర్తుల వల్ల తెలిసింది, అదెలా చెల్లించాలో తెలియలేదు. కొండలూ అడవులూ చెరువులూ ఉన్న ముక్కలు కుప్పలుగా ఉన్నాయి, వాటి మీద రాతలే లేవు. అవి అందంకోసం కలిపారనుకుని మేము పక్కన పడేశాం. ఆ పిల్లే రెండు రోజులు వాటివంక చూసి, మూలనున్న గుర్తులూ వీటి గుర్తులూ ఒకటే వదినా, ఇవి ముందు దించితే గానీ అవి దిగవు అని కనిపెట్టింది. ఆ రోజు ఆమె మొహంలో కనబడిన వెలుగు కామెర్లు తగ్గడం వల్ల వచ్చింది మాత్రం కాదు.

అయితే ఏవి ఎన్ని పెట్టాలి? బలమైన మృగాలన్నీ ఏరి పెట్టుకుంటే ఒక్కటీ దిగేది కాదు, చేతినిండా పెట్టుకుని బిక్కమొహాలు వేసేవాళ్ళం. పేక అన్నది పాపమని ముక్క ముట్టని అత్తగారు, గుమ్మం దగ్గర నిలబడి రోజూ ఈ తంతు చూస్తూ, ఒకరోజు ఇంక ఉండబట్టలేక, "కూరలు పది చేసుకుని అన్నం వండకపోతే ఎలా తింటారే?" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ పిల్లా నేనూ మొహాలు చూసుకున్నాం. ఆనాటి నుంచి కొండల ముక్కలు అన్నం, మృగాలు కూర, నంజుకున్నట్టు మధ్యలో ఒక్కసారి వాడి పారేసేవి పచ్చడి. కట్టలో మూడోవంతు పైచిలుకు అన్నం ఉంటే ఆట సాగుతుందని తేలింది. తర్వాత తెలిసింది, లోకమంతా దాదాపు అదే పాళ్ళు వాడుతుందట.

ఇంకొక చిక్కు మిగిలింది. ప్రతి వంతులోనూ కట్టలోంచి ఒక ముక్క తీసుకోవాలి, మరి తీయగా తీయగా కట్ట అయిపోతే? ఏ ముక్క మీదా జవాబు లేదు. మామగారు పడక కుర్చీలో బైబిలు చదువుకుంటున్నారు. మా వాదన అంతా వింటున్నారు కాబోలు, తలెత్తకుండానే, పేక అయిపోతే కింద పారేసిన ముక్కలు కలిపి తిరగేసి పెట్టుకోవాలి, ఏ దేశంలోనైనా అదే పద్ధతి అన్నారు. వంటింట్లోంచి అత్తగారు, ఆ పద్ధతి తమరు ఏ దేశంలో నేర్చుకున్నారో అని అడిగారు. మామగారు పేజీ తిప్పారు. కుర్రతనంలో ఆయన క్లబ్బులో పదమూడు ముక్కలాటలో ఆరితేరిన మనిషని, ప్రభువు దగ్గరికి వచ్చాక మానేశారని నాకు అప్పుడే తెలిసింది. నేను కూడా మా కంకిపాడు పెళ్ళిళ్ళలో బాబాయిల వెనక కూర్చుని ఆ ఆట నేర్చుకున్నదాన్నే కాబట్టి, అవును మామయ్యగారూ, అంతేగా మరి అన్నాను. రమ్మీ తెలిసినవాళ్ళం ఇద్దరం ఒకే మాట అన్నాక ఇంకెవరు కాదంటారు?

అలా మాట కలిపిన మామగారు మెల్లగా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఇది పందెం లేని ఆట, పిల్లకి వైద్యంలాంటిది అని తనకి తానే అనుమతి ఇచ్చుకుని, సంక్రాంతి సెలవులు అయ్యేసరికి మాలో ఒకరైపోయారు. మా ఆయనకి షిఫ్టు లేని రోజున నలుగురం. ముక్కలన్నీ గచ్చు మీద బోర్లా కాకుండా పరిచి, పెద్దవాళ్ళ నుంచి మొదలుపెట్టి వరసగా ఒక్కొక్కరం ఒక్కో ముక్క ఏరుకునేవాళ్ళం, ముప్ఫై ముక్కల కట్ట, వారం తర్వాత మళ్ళీ అన్నీ కలిపేసి కొత్తగా ఏరుకోవడం. ఒక ముక్క మరీ బలమైనదై, అది ఎవరికి దొరికితే వాళ్ళే గెలుస్తుంటే, మామగారు దాన్ని సంఘ క్రమశిక్షణ కింద పెట్టేవారు. అంటే వేరే చిన్న డబ్బాలో వేసి మూత పెట్టడం. సంఘంలో తప్పు చేసినవాళ్ళని కొన్నాళ్ళు ప్రభురాత్రి భోజనానికి దూరంగా ఉంచి మళ్ళీ చేర్చుకున్నట్టే, కొన్ని వారాల తర్వాత ఆ ముక్క గురించి చర్చించి, మారుమనసు పొందిందని అనిపిస్తే ఆటలోకి తిరిగి తీసుకునేవారు. ఒక ఎర్ర రెక్కల మృగం మాత్రం ఎప్పటికీ మారుమనసు పొందలేదు.

ఆ పిల్ల గెలవడం మొదలుపెట్టింది ఎప్పుడో గుర్తులేదు, మొదలుపెట్టాక ఆపలేదు. మేము ముగ్గురం మృగాల కోసం కొట్టుకుంటుంటే, ఆమె ఎవరూ కన్నెత్తి చూడని పచ్చడి ముక్కలు ఏరుకునేది. ఇది వేస్తే మరో మూడు ముక్కలు తీసుకో అని రాసి ఉండేవి అవి. చకచకా తీసేసుకోవడం, కట్ట అయిపోవడం, కింద పడ్డవి కలిపి మళ్ళీ మొదలుపెట్టడం. మా కట్ట ఒకసారి తిరిగేలోగా ఆమెది మూడుసార్లు తిరిగేది, కట్టలో ఉన్న ఒకే ఒక మంచి మృగం ఆమెకి మూడుసార్లు వచ్చేది. ఓడిపోతూ కూడా మామగారి కళ్ళు మెరిసేవి. కలుపుతున్నప్పుడు ఆ పిల్ల చేతులవంక చూస్తూ, మంచివన్నీ పైకొస్తాయి చూడు ఈసారి అనేవారు.

మే నెలలో ఆ పిల్ల ఎంసెట్ రాసింది. బాగా రాయలేదని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఫలితాలు రాకముందే ఆయన హాస్టలుకి వెళ్ళి మూడో ఏటికి సీటు మాట్లాడి వచ్చారు. ట్రంకు పెట్టె మంచం కింద నుంచి బయటికొచ్చి గోడ పక్కన నిలబడింది. ఆ ఇంట్లో అలాంటప్పుడు ఎదురు మాట చెప్పే అలవాటు ఎవరికీ లేదు, మా ఆయనతో సహా. నేనొకసారి ఇంక పంపొద్దని మా ఆయన చెవిలో వేస్తే, నాన్నకి చెప్పేదెవరు అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు.

సరిగ్గా ఆ వారమే, స్కూలు తెరవడానికి ముందు చార్టులు కొందామని బీసెంట్ రోడ్డుకి వెళితే, ఒక కొట్టు అద్దాల బీరువాలో మా ముక్కల వెనక ఉండే నీలం బొమ్మే కనబడింది. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదనుకున్న ఆట అక్కడ పొట్లాలు పొట్లాలుగా అమ్ముతున్నారు. కొట్టాయన మేడ మీద ఆదివారం ఆదివారం కాలేజీ పిల్లలు ఆడతారని, జూన్‌లో పోటీ పెడుతున్నానని చెప్పాడు. మర్నాడే ఆడపడుచుని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ పిల్ల ఆయన్ని ఊపిరాడనివ్వకుండా ప్రశ్నలడిగింది. కట్టలో ఎన్ని ముక్కలుండాలి, ఒకే ముక్క ఎన్నిసార్లు పెట్టుకోవచ్చు, పాత ముక్కలు చెల్లుతాయా. పోటీ పాత ముక్కల పద్ధతిలోనేనని, అరవైకి తగ్గకూడదని, నిషేధించిన ముక్కలు కొన్ని ఉన్నాయని ఆయన విసుక్కోకుండా చెప్పాడు. ఆ నిషేధాల్లో మా ఎర్ర రెక్కల మృగం కూడా ఉందని విని మామగారు రెండు రోజులు గర్వంగా తిరిగారు. అన్నీ అడిగిన పిల్ల, కట్ట అయిపోతే ఏం చేయాలని మాత్రం అడగలేదు. తెలియనివి అడుగుతాం గానీ, తెలుసనుకున్నవి ఎవరు అడుగుతారు చెప్పండి?

ఆ పోటీ అయ్యేదాకా హాస్టలు మాట ఆపమని ఆ పిల్ల తండ్రిని అడిగింది. ఆయన సరే అన్నారు, పోటీ అయిన మర్నాడు బయల్దేరదాం అన్నారు. రాత్రి అన్నం గిన్నెలు సర్దుతున్నప్పుడు నా పక్కన నిలబడి, తడి చేతులు పావడాకి తుడుచుకుంటూ, "గెలిస్తే నాన్నతో చెప్పేస్తాను వదినా, ఇంక వెళ్ళనని" అంది. గెలవకపోతే అని నేను అడగలేదు. ఆ వారమంతా ఇద్దరం కట్ట కట్టాం. అరవైలో ఇరవై నాలుగు అన్నం, తొమ్మిది కూర, మిగతావన్నీ ముక్కలు తీసుకునే పచ్చళ్ళు. ఒక ముక్క తీసి ఇంకొకటి పెట్టి, మళ్ళీ మార్చి, నిద్రలో కూడా నేను అన్నం ముక్కలు లెక్కపెట్టుకునేదాన్ని. పోటీ నాకేమీ కాదు, కానీ ఆ పిల్ల నోట్లోంచి ఆ ఒక్క మాట రావాలని నేను ఎన్నడూ లేనంతగా ప్రార్థన చేసుకున్నాను.

ఆదివారం పొద్దున మొదటి ఆరాధనకి వెళ్ళి, ప్యాసింజరు పట్టుకుని బెజవాడలో దిగేసరికి ఎండ పేలిపోతోంది. కొట్టు మేడ మీద రెండు ఫ్యాన్లు, పాతికమంది మగపిల్లలు, మేమిద్దరమే ఆడవాళ్ళం. మొదటి ఆట తొందరగా గెలిచేసింది. అన్నం పడలేదండీ నాకు మొదట్లో అని ఆ పిల్ల అంటే, ఎదుటి అబ్బాయి పాపం, క్యారేజీ తెచ్చుకోలేదేమోనని నావైపు చూశాడు. రెండో ఆట కళ్ళజోడు పెట్టుకున్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడితో. ఈ పిల్ల అలవాటు ప్రకారం మూడేసి ముక్కలు తీసుకుంటూ, అతను దించిన ప్రతి మృగాన్నీ ఏదో ఒక పచ్చడితో పక్కకి నెడుతూ, నెమ్మదిగా అతన్ని గోడ వరకూ తోసింది. చుట్టూ పిల్లలు మూగారు. ఇంకొక్క దెబ్బ చాలు. అప్పుడు ఆమె కట్ట అయిపోయింది. ఆమె ఏమాత్రం తొట్రుపడకుండా కింద పడ్డ ముక్కలన్నీ పోగుచేసి, చక్కగా సర్ది, కలపడం మొదలుపెట్టింది.

ఆ కుర్రాడు కాసేపు చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, "ఏం చేస్తున్నారండీ?" అన్నాడు.

"కలుపుతున్నానండీ."

"ఎందుకండీ?"

ఆమె నా వైపు చూసింది. నేను కొట్టాయన వైపు చూశాను. కొట్టాయన వచ్చి, ఒక చిన్న పుస్తకం తెచ్చి, వేలు పెట్టి చూపించాడు. తన వంతులో తీసుకోవడానికి ముక్క లేనివాళ్ళు ఓడిపోయినట్టు. అంతే, ఒక్క వాక్యం. ఆ పిల్ల దాన్ని తీసుకుని రెండుసార్లు చదివింది. ఏడుస్తుందేమోనని నేను రుమాలు తీశాను, మా కంకిపాడు బాబాయిలందర్నీ మనసులో తిట్టుకున్నాను. ఆమె మాత్రం పుస్తకం మూసి, ఆ కుర్రాణ్ణి, అయితే ముక్కలు ఎక్కువ తీసుకోవడం ప్రమాదమా అని అడిగింది. అవునండీ, ఎదుటివాళ్ళ కట్ట ఖాళీ చేయడానికే కట్టే కట్టలు కూడా ఉన్నాయి అన్నాడతను. ఎలా అంది. అతను తన ముక్కలు తీసి చూపించాడు. పోటీ దాని మానాన అది సాగుతుంటే, ఈ పిల్ల సాయంత్రం దాకా ఒక్కో బల్ల వెనకా నిలబడి చూస్తూ, అడుగుతూ తిరిగింది. వెనక్కి వచ్చేటప్పుడు స్టేషన్ బయట రెండు ప్లేట్ల పునుగులు తింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏదో ఆలోచిస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి మామగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఎలా ఆడావమ్మా అన్నారు. ఓడిపోయాను నాన్నా అని, ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని, కట్ట అయిపోతే ఏమవుతుందో ఆయనకి చెప్పింది. ఆయన నమ్మలేదు. అదేం పద్ధతి, కింద అన్ని ముక్కలుండగా, చేతినిండా ఉండగా, ఓడిపోవడమేంటి, కలుపుకుంటే మళ్ళీ ఆట నడుస్తుంది కదా అన్నారు. పాపం, ఆయన నిజంగానే బాధపడ్డారు, పిల్ల తన మాట వల్ల ఓడిపోయిందని. కట్ట అందుకుని అలవాటుగా కలపసాగారు.

"కలపకూడదంట నాన్నా," అంది ఆ పిల్ల. "అయిపోయిందంటే అయిపోయినట్టేనంట." పీటని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "నాకూ అయిపోయింది నాన్నా. నేనింక హాస్టల్‌కి వెళ్ళను."

లోపల అత్తగారి చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మా ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. మామగారి చేతులు సగం కలిపిన ముక్కల్ని అలాగే పట్టుకుని ఉన్నాయి. ఆయన కూతురి వంక చూశారు. కోపం కాదది, అంతకంటే కొత్తదేదో, ఒక తెలియని ముక్క మీద రాత చదువుతున్నప్పుడు మేమందరం చూసే చూపు. ముక్కల్ని గచ్చు మీద పెట్టేశారు.

"మరి ఏం చేస్తావమ్మా?" అన్నారు.

"తెలియదు నాన్నా," అంది.

అంతే. కాసేపటికి దీపాల వేళ కుటుంబ ప్రార్థనకి కూర్చున్నాం. రోజూ ఆయన ప్రార్థనలో పిల్లకి మెడిసిన్ సీటు దయచేయమని ఒక మాట ఉండేది, ఎప్పుడూ ఒకే చోట వచ్చేది, కళ్ళు మూసుకునే ఎదురుచూసేవాళ్ళం. ఆ రోజు ఆ చోటికి వచ్చి ఆయన ఆగారు. తర్వాత కరెంటు పనివాళ్ళ క్షేమం గురించి చెప్పి ఆమేన్ అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు, పక్కనున్న ఆ పిల్ల చేయి పట్టుకున్నాను.

ఆ పిల్ల విజయవాడలో డిగ్రీలో చేరింది, తర్వాత ఏవేవో చదివి, ఇప్పుడు కైకలూరు వైపు చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ నడుపుతోంది. చేపలకి రోగమొస్తే రైతులు తెల్లారకుండానే ఫోన్లు చేస్తారు, కాబట్టి ఒక రకంగా డాక్టరే అని అత్తగారు అనేవారు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు రెండు పద్ధతులూ ఆడుకునేవాళ్ళం, ఇంటి పద్ధతి, కొట్టు పద్ధతి. మామగారు మాత్రం కొట్టు పద్ధతి ఒక్కసారి కూడా ఆడలేదు. చివరిదాకా కింద పడ్డవి పోగుచేసి కలుపుకునేవారు, ఆయన ముందు ఎవరం ఆక్షేపించలేదు.

ఇప్పుడు ఏ ఆటకైనా నియమాలు జేబులోనే ఉంటాయి. ఒక ప్రశ్న పుట్టిన నిమిషానికి జవాబు వచ్చేస్తుంది, తెలియకపోవడం అన్నది అరగంట కూడా నిలవదు. అది మంచిదే, ఎవరూ పాతికమంది ముందు కట్ట కలుపుతూ దొరికిపోరు. కానీ తెలియక, కూర్చుని, నలుగురు నాలుగు రకాలుగా ఊహించి, అత్తగారి అన్నం, మామగారి సంఘం అన్నీ కలిపి ఒక ఆటని తయారుచేసుకున్న ఆ నెలలు ఇప్పటి ఇళ్ళలో ఎక్కడ దొరుకుతాయి? మామగారూ అత్తగారూ పోయారు. ఆ కాలనీ క్వార్టర్లు కొన్ని ఖాళీగా పడి ఉన్నాయని విన్నాను. ఒక ముక్క మారుమనసు పొందిందంటే అర్థమేమిటో తెలిసినవాళ్ళం లోకంలో ఇక ముగ్గురం, అందులో మా ఆయన సగం మరిచిపోయారు.

మాల్ నుంచి వచ్చిన రాత్రి ఆడపడుచుకి ఫోన్ చేసి, ఇన్నేళ్ళుగా అడగని మాట అడిగాను. ఆ రోజు నువ్వు అలా చెప్పాక, నాన్న ఏమీ అడక్కుండా, పెట్టె సర్దుకో అని ఉంటే ఏం చేసేదానివి అని. ఎదిరించేదాన్ని అంటుందనుకున్నాను. ఇంత వయసొచ్చింది, పదిమందికి పని చెప్పే మనిషి. "వెళ్ళేదాన్ని వదినా" అంది.

ఇప్పుడు బెజవాడ చుట్టుపక్కల ఎటు వెళ్ళినా ఆ హాస్టళ్ళే, అప్పటికంటే ఎన్నో అంతస్తులు పెరిగాయి. బస్సులో కూర్చుని ఆ కిటికీలు చూస్తుంటాను. ఒక్క మాట చెప్పడానికి ముందు ఒక్కసారి గెలవాలని ఎదురుచూస్తున్న పిల్లలు అందులో ఎంతమంది ఉన్నారో, మరి ఏం చేస్తావమ్మా అని అడిగేవాళ్ళు వాళ్ళకి ఎవరున్నారో.